గృహభిత్తిపై నగ్నశయన చిత్రము: ఒక ఔచిత్య విచారము

విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్ర భాగము ఇంటికి తగిన చిత్రములేవో, తగనివేవో స్పష్టముగా చెప్పినది. రసములలో శృంగార హాస్య శాంతములు మాత్రమే ఇండ్ల గోడలపై వ్రాయదగినవనియు, తక్కినవి దేవాలయములకును రాజసభలకును చెందినవనియు దాని నిర్ణయము. యుద్ధము, శ్మశానము, మరణదుఃఖము ఇంటి గోడ నెక్కరాదు. ఈ నియమమును తొలిసారి చదివినవారికి ఆశ్చర్యము కలిగించునది, శృంగారము నిషిద్ధముల పట్టికలో లేకపోవుటయే. అది విహితములలో మొదట నున్నది. కావున నేడు తార్నాకలోని ఒక అపార్టుమెంటు ముందుగదిలో, సోఫాకు పైని గోడపై, ఐరోపా ఆధునిక చిత్రకారుడొకడు వ్రాసిన నగ్నయై పండుకొనిన స్త్రీమూర్తి ప్రతిని గృహస్థుడు తగిలించినచో, ‘ఇది మన సంప్రదాయము కాదు’ అని ఒక్క మాటతో త్రోసివేయుటకు వీలులేదు. ‘కళకు హద్దు లెక్కడివి’ అని ఒక్క మాటతో సమర్థించుటకును వీలులేదు. ఈ రెండు మాటలును విచారమును మొదలుకానీయక ఆపునవియే.

తెలుగు శాఖవారి పత్రికలో ఈ ప్రశ్న యేల యని కొందరడుగవచ్చును. విశ్వవిద్యాలయపు ఆవరణ దాటగనే తార్నాక. ఆ వీథులలో నివసించువారిలో అధ్యాపకులును, సమీప పరిశోధనాలయముల శాస్త్రజ్ఞులును పెక్కురు. దేవుని పటము, పెద్దల ఛాయాచిత్రము, క్యాలెండరు మాత్రమే గోడ కెక్కిన కాలము గతించి, పేరుపొందిన చిత్రముల ప్రతులు తెప్పించుకొను కాలము వచ్చినది. అనగా ప్రశ్న మన ఇండ్లదే. అంతేకాక, శృంగారము ఎక్కడ రసమగును, ఎక్కడ కాదు అను విషయమై అలంకారశాస్త్రము మన చేతికిచ్చిన పనిముట్లను కావ్యములపై వాడుచునే యున్నాము. ఇంటి గోడపై వాడి చూచిన తప్పులేదు.

మొదట మాటలను గూర్చి. కెన్నెత్ క్లార్కు 1956 లో ప్రకటించిన ‘ది న్యూడ్’ అను గ్రంథములో, బట్టలు లేక సిగ్గుపడు దేహము వేరు, కళారూపముగా నిలిచిన దేహము వేరు అని ఇంగ్లీషులోని రెండు పదముల సాయమున విభజించెను. ఆ విభజన అంత నిష్కళంకమైనది కాదని 1972 లో జాన్ బెర్జర్ వాదించెను. కళారూపమనబడునది కూడ చూచువాని కొఱకు ప్రదర్శనకు పెట్టబడిన దేహమే యని ఆయన పక్షము. మన భాషలో అట్టి జంటపదములు లేవు. ఉన్నవి వేరు దృష్టులను తెలుపును. ‘దిసమొల’ పసివానికి చెల్లును. పెద్దలయెడ వాడినచో సిగ్గును తెలుపును. ‘దిగంబర’ శబ్దములో దిక్కులే వస్త్రములు, అది సన్న్యాసము. 1965 లో ఈ హైదరాబాదు నగరముననే తొలి సంపుటిని వెలువరించిన దిగంబరకవులు ఆ శబ్దమును లోకముపై తిరస్కారమునకు గుర్తుగా గ్రహించిరి; వారిలో నొకరు నగ్నముని యని పేరు పెట్టుకొనిరి. ‘వివస్త్ర’ అన్నంతనే కురుసభయు ద్రౌపదియు తలపునకు వత్తురు. అందు బలాత్కారపు జాడ యున్నది. సిగ్గు లేక, సన్న్యాసము లేక, బలాత్కారము లేక, కేవలము ఆకృతిగా చూడబడు దేహమునకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. ఉన్నవానిలో ‘నగ్న’ శబ్దము కొంత తటస్థము గనుక దానినే వాడుచున్నాము.

ఈ మాటల కొరత వలన మనకు నగ్నమూర్తులు లేవని తలచుట పొరపాటు. కాని మన మూర్తుల భంగిమను గమనింపవలెను. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213 లో కట్టించిన పాలంపేట రామప్ప గుడి, 2021 లో ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తింపు పొందినది. దాని చూరు క్రింద వాలుగా నిలిచిన నల్లరాతి మదనికలలో, పాములను ఆభరణములుగా దాల్చిన నాగిని నగ్నయే. అయినను ఆమె నిలుచున్నది. స్తంభమునకును కప్పునకును నడుమ, ఆ బరువును తాను పంచుకొనుచున్నట్లు నిలుచున్నది. కట్టడములో ఆమెకొక పని యున్నది. చూపరి తలయెత్తి చూడవలెను. ఆమె వానికొఱకు దిగి రాదు.

పండుకొనిన మూర్తులు తెలుగుదేశపు శిల్పములో లేవా? ఉన్నవి, వానిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఉండవల్లి గుహలోని అనంతశయనుడు. రెండవది అమరావతి శిల్పములలోని మాయాదేవి. ఈ రెండవ మూర్తి మన విచారమునకు మిక్కిలి అవసరము. ఆమె మంచముపై పండుకొనియున్నది. వస్త్రమున్నదో లేదో యన్నంత పలుచన. దేహరేఖ యంతయు కానవచ్చును. మంచము నాలుగు మూలల లోకపాలురు కావలి కాచుచున్నారు. పరిచారికలు నిద్రలో మునిగియున్నారు. ఆమె కలలో తెల్లయేనుగు గర్భమున ప్రవేశించుచున్నది. ఆ శయనములో ఒక మహాసంఘటన జరుగుచున్నది. అది ఆమె లోపల జరుగుచున్నది. చూచువాని కన్ను దేహముపై బడిన క్షణముననే దేహము దాటి కలలోనికి పోవలసియున్నది.

కావ్యములోని విరహిణియు నిట్టిదే. ప్రవరుడు విడిచిపోయిన పిమ్మట మనుచరిత్రలోని వరూధినిని, వసుచరిత్రలోని గిరికను మన కవులు చిగురుటాకుల పాన్పుపై చేర్చి, చందనము, కప్పురము, తామరాకు వీవనలతో చెలికత్తెలను చుట్టును నిలిపిరి. ఈ శైత్యోపచార వర్ణనలు కాలక్రమమున రివాజై విసుగు పుట్టించిన మాట నిజము. పరిశోధక విద్యార్థులు వానిని పుటలు పుటలుగా దాటిపోవుటయు మేమెరుగుదుము. అయినను రివాజు వెనుక ఒక నియమమున్నది. పండుకొనినది నాయిక, పండుకొనబెట్టినది విరహము. శయనము ఒక అవస్థ. ఆ అవస్థకు కారణమున్నది, ఆశ్రయమున్నది, సంచారిభావము లున్నవి. కారణము లేక ఊరక పండుకొనిన సుందరి మన కావ్యములో కానరాదు.

ఐరోపా చిత్రకళలో కథ మరియొక త్రోవ తొక్కినది. జార్జోనె వ్రాసిన వీనసు దేవత నిద్రించుచున్నది. 1538 నాటి టీషియన్ వీనసు మేలుకొని మనవైపు చూచుచున్నది. ఆ చిత్రము ఉర్బీనో ప్రభువంశీయుని ఇంటికి చేరినది. అనగా నగ్నశయనము మొదటినుండియు గృహాలంకరణముతో సంబంధము గలదే. 1865 లో మానే ప్రదర్శించిన ‘ఒలింపియా’ దేవత కాదు, పారిస్ నగరపు వేశ్య. ఆమె చూపు వచ్చినవానిని తూచి చూచు చూపు. పురాణమనెడి తెర తొలగగనే పెద్ద అలజడి రేగినది. ఆ పిమ్మట 1907 లో మతీస్ వ్రాసిన ‘నీలినగ్న’యందు వేశ్యయు లేదు, దేవతయు లేదు. కటి భాగము కొండవలె పైకి లేచినది, ముంజేయి మెలి తిరిగినది, దేహమంతట నీలపు నీడలు, వెనుక తాటిమట్టలు. సహజప్రమాణములను చిత్రకారుడు బుద్ధిపూర్వకముగా విరిచినాడు. మోదిల్యాని 1917 ప్రాంతమున వ్రాసిన నగ్నశయనములలో సాగదీసిన రేఖయే సర్వస్వము. కొన్నింటిలో చేతులు కాళ్లు చట్రపు అంచున తెగిపోవును.

మాయాదేవియందు సంఘటన స్త్రీ అంతరంగమున జరిగినది. ఆధునికుడు దానిని ఆమెనుండి తీసి రేఖకు ఇచ్చినాడు. అతని చిత్రమున జరుగునది రంగునకును రంగునకును, వంపునకును అంచునకును నడుమ జరుగును. ఇది నష్టమా, లాభమా? రసచర్చకు ఇదియొక చిక్కు. శృంగారమునకు ఆలంబనము కావలెను, ఆశ్రయము కావలెను. చిత్రములో ఆలంబన మొక్కటియే కలదు. ఆశ్రయమైన నాయకుడు లేడు. ఆ ఖాళీ పీఠముపై చూపరియే కూర్చుండవలసివచ్చును. సాధారణీకరణము జరిగినప్పుడే రసమని అభినవగుప్తాదుల మతము. చూపరి తానే నాయకుడై పీఠమెక్కినచో అది లౌకికమైన కోరికయే గాని రసము గాదు. మా అభిప్రాయమున, మతీస్ చిత్రము జయించినచోట జయించినది ఇందుచేతనే: ఆ దేహము విరిగిన తీరు చూపరిని పీఠమెక్కనీయదు. కోరికతో చూడవచ్చినవాడు రేఖను చూచుటలో చిక్కుకొనును. మోదిల్యాని అంతటి కాఠిన్యము చూపడు. ఆయన చిత్రములయందు రేఖయు, కోరికయు ఒకే గదిలో కాపురముండును. అందుచేతనే కాబోలు అవి ఎక్కువ ఇండ్లకు ప్రియములు. 2015 లో ఆయన నగ్నశయన మొకటి న్యూయార్కు వేలములో 17 కోట్ల డాలర్లు దాటిన ధర పలికినది. ఆ ధర రసమునకు ప్రమాణము కాదు. కాని ప్రతులు కొనువారి మనస్సుపై దాని ప్రభావమును కాదనలేము.

మన దేశపు ఉదాహరణ మొకటి చెప్పవలెను. అమృతా షేర్గిల్ 1933 లో తన చెల్లెలిని నమూనాగా నిలుపుకొని వ్రాసిన ‘నిద్ర’ ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాశాలయందు కలదు. అది నగ్నశయనమే, ఆధునికమే. కాని ఆ దేహము నిజముగా నిద్రించుచున్నది, ఎవరికొఱకును పండుకొనలేదు. వ్రాసినది స్త్రీ యగుట చేతనే యిట్లయినదని తేల్చిచెప్పుట తొందరపాటగును గాని, మాయాదేవి వంశమునకు ఈ చిత్రము దగ్గరి చుట్టమని మాత్రము చెప్పగలము.

తెలుగువారిలో ఈ దేహసమస్యను కుంచెతో ఎదుర్కొనిన తొలి ఆధునికుడు రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు. 1897 లో జన్మించి, బొంబాయి జె.జె. కళాశాలలో అభ్యసించి, 1925 లో మశూచికముచే మరణించెను. ఆ కొద్దికాలములోనే నగ్నాకృతులను సంకోచము లేక అధ్యయనము చేసెను. అదే కాలమున కవిత్వమునందు ఏమి జరుగుచుండెనో స్మరింపుడు. పిమ్మట ఉస్మానియా తెలుగు శాఖకు ఆచార్యులైన రాయప్రోలు సుబ్బారావుగారు శృంగారమునుండి దేహమును తొలగించి అమలిన శృంగారమను సిద్ధాంతమును ప్రతిష్ఠించుచుండిరి. ప్రబంధముల అంగాంగవర్ణనపై విసుగు చెందిన తరమునకు అది స్నానమువంటి దయ్యెను. ఒకే భాషవారిలో ఒకే దశకమున కవి దేహమును విడుచుచుండగా చిత్రకారుడు దేహమును పట్టుకొనుచుండెను. మన విమర్శ కవిని చదివినంతగా చిత్రకారుని చూడలేదు. ఫలితముగా తెలుగు చదువరి మనస్సు అమలిన శృంగారముతోనే పెరిగినది. ఆ మనస్సు గల ఇంటిలోనికి ఇప్పుడు మోదిల్యాని ప్రతి వచ్చి కూర్చున్నది. కలవరము సహజము.

ఇక ప్రతిని గూర్చి. కొనునది చిత్రము కాదు, చిత్రపు ముద్రణ. మతీస్ మూలచిత్రము వెడల్పు 140 సెంటీమీటర్లు. సోఫా మీది ప్రతి అందులో సగమైనను ఉండకపోవచ్చును. మందముగా పూసిన రంగు ముద్రణలో చదునగును. కుంచె ఒరిపిడి పోవును. ఎరుపు గోధుమరంగుగా మారును. రేఖ మాత్రము చాలవరకు బ్రదుకును. కనుక రేఖాప్రధానములైన చిత్రముల ప్రతులు కొంత నయము. ఈ తారతమ్యము తెలిసి ఎన్నుకొనువారు కొద్దిమందియే. పెక్కుచోట్ల ఎన్నికకు కారణము గోడరంగు, కర్టెను రంగు. దిండుపై గల నారింజరంగునకు సరిపడునని నగ్నశయనమును కొనినచో జరుగునదేమి? అలంకారశాస్త్రము అలంకారమును అలంకార్యమునుండి వేరుగా చూడుమన్నది. ఇక్కడ అలంకార్యము ఇల్లు. అలంకారము ఒక స్త్రీదేహము. చిత్రకారుడు దేహమును రేఖకు అర్పించినాడు. గృహస్థుడు ఆ రేఖను దిండుకు అర్పించినాడు. అసభ్యత యని ఒకటి ఉన్నచో మేము దానిని ఇచ్చటనే చూచుచున్నాము, నగ్నతయందు గాదు.

ముద్రణప్రతి వేరు, ముద్రాచిత్రము వేరు అనియు గుర్తింపవలెను. మెదక్ ప్రాంతపు నిజాంపురమున 1940 లో జన్మించి, హైదరాబాదులోను బడోదాలోను చదివిన లక్ష్మాగౌడు లోహఫలకముపై గీసి అచ్చొత్తిన ముద్రాచిత్రములలో గ్రామీణ స్త్రీపురుషుల నగ్నదేహములు, మేకలు, చెట్లు ఒకదానితో ఒకటి పెనవేసికొనియుండును. అచ్చు పడిన ఆ కాగితమే అక్కడ మూలము. దేనికిని ప్రతి కాదు. ఆ దేహములు మొరటువి, బలిష్ఠమైనవి. ఏ దిండు రంగునకును సరిపడవు. తార్నాకలో నగ్నచిత్రమును తగిలింప దలచినవారు పారిస్ వైపు చూచుటకు ముందు ఇటొకసారి చూచుట మంచిది. తోట వైకుంఠం చీరకట్టు తెలంగాణ స్త్రీలు ముందుగదులలో సుఖముగా ఒదిగిపోయిరి. ఆ ఒదుగుటయు ఆ చిత్రములకు కొంత ప్రమాదమేనని మా అనుమానము, కాని అది వేరు వ్యాసము.

ఇంతవరకు చిత్రమును విచారించితిమి, గోడ మిగిలినది. క్రీడాభిరామములో ఓరుగల్లు మాచల్దేవి చిత్రశాల వర్ణన అందరును ఎరిగినదే. అందలి గోడలపై దేవతల, ఋషుల ప్రణయగాథలు చిత్రింపబడియున్నవి. కాకతీయుల నగరములో శృంగారచిత్రములకు కొదవ లేదని చెప్పుటకు దీనిని ఉదాహరింతురు. కాని అది వేశ్య చిత్రశాల. అందు ప్రవేశించువాడు ఎక్కడికి పోవుచున్నాడో తెలిసి పోవును. ఈ తెలిసి పోవుటలోనే కీలకమున్నది. కావ్యమును చదువువాడు పుట తిప్పి చదువును, వలదన్నచో మూయును. ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910 లో ప్రకటింపగా ప్రభుత్వము నిషేధించి, 1947 లో ఆ నిషేధము తొలగించినది. ఆ నిషేధము అన్యాయమని మేము నిస్సంకోచముగా చెప్పగలము. ఏలయన మూసియున్న గ్రంథము ఎవరినీ బలవంతపెట్టదు. గోడ మూయబడదు.

తార్నాక అను పేరు తీగకంచె, దానివద్ద నాకా అను మాటలనుండి వచ్చినదని చెప్పుదురు. నేటి ఇంటికి లోపల కంచెయు లేదు, నాకాయు లేదు. పాత ఇండ్లలో వరండా, ముందుగది, నడిమిగది, వంటిల్లు అని వరుస యుండెడిది. ఎవరెంతవరకు రావచ్చునో ఆ వరుసయే చెప్పెడిది. అపార్టుమెంటులో ముందుగది యొక్కటియే అన్నియును. పాలవాడును, పనిమనిషియు, అత్తగారును, పిల్లల స్నేహితులును ఆ గోడ యెదుటనే నిలుతురు. అధ్యాపకుని ఇల్లైనచో మరియొకరు వత్తురు. సిద్ధాంతవ్యాసపు అధ్యాయమును దిద్దించుకొనుటకు హాస్టలునుండి నడచివచ్చిన పరిశోధక విద్యార్థిని ఆ సోఫాపై కూర్చుండి గురువుగారికై వేచియుండును. ఆమె పల్లెటూరినుండి వచ్చినదైనను, పట్టణమున పెరిగినదైనను భేదము లేదు. ఆ చిత్రమును చూచుటకు ఆమె రాలేదు. చూడననుటకు ఆమెకు వీలులేదు. అది బాగులేదని చెప్పు స్వాతంత్ర్యమును ఆ ఇంటిలో ఆమెకు లేదు, ఆమె అధ్యాయము వారి చేతిలో నున్నది. చిత్రములోని ఖాళీ పీఠమును గూర్చి పైని చెప్పితిమి. ఆ గదిలో ఆ పీఠమునకు ఎదురుగా నున్నది ఇప్పుడు ఇద్దరు: ఒకరు చిత్రమును తగిలించినవారు, మరొకరు తగిలింపని వారు. ఇద్దరును ఒకే విధముగా సహృదయులగుట దుర్ఘటము.

క్షేమేంద్రుడు ఔచిత్యమును పదములకు, రసమునకు మాత్రమేగాక దేశకాలములకును చెప్పెను. ముత్యాలహారము నడుమునకును, మొలనూలు మెడకును తగిలించినచో నవ్వు పుట్టునని ఆయన చెప్పిన ఉదాహరణము గృహాలంకరణమునకు చక్కగా సరిపోవును. ఆనందవర్ధనుడు దేవతాదంపతుల సంభోగవర్ణనమందలి అనౌచిత్యము మహాకవి శక్తిచే కప్పబడుననెను. మతీస్ శక్తి అట్టి అనౌచిత్యమును కప్పగలదా? మూలచిత్రము నెదుట నిలిచినప్పుడు కప్పవచ్చును. చదునై, కుదించి, రంగు మారిన ప్రతియందు ఆ శక్తి ఎంత మిగులును? అనౌచిత్యము మాత్రము కుదింపబడక యథాతథముగా మిగులును.

ఈ వాదమును అశ్లీలవాదముగా పొరబడరాదు. 1917 లో పారిస్‌లో మోదిల్యాని ప్రదర్శనయందు, వీథివైపు కిటికీలో పెట్టిన నగ్నచిత్రమును చూచి జనము మూగగా పోలీసు అధికారి తొలగింపుమనెను. అక్బర్ పదమ్సీ చిత్రములపై 1954 లో బొంబాయిలో అభియోగము వచ్చి కోర్టులో వీగిపోయినది. సూజా, పదమ్సీల నగ్నచిత్రములను అశ్లీలములని కస్టమ్సువారు పట్టుకొనగా, నగ్నత యంతయు అశ్లీలము కాదని 2024 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసినది. ఈ తీర్పులు మేలైనవి. మేము వానికి సంతోషించువారమే. కాని న్యాయస్థానము అడుగు ప్రశ్న, చిత్రము ఉండవచ్చునా యని. విమర్శకుడు అడుగవలసినది, ఎక్కడ, ఎవరి యెదుట నని. మొదటి ప్రశ్నకు ఔనన్నవాడు రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు కాడు.

చిత్రసూత్రము గృహమున శృంగారమును అనుమతించినది గాని, గృహమున ఏ గదియో విడమరచి చెప్పలేదు. నాటి ఇంటి వరుస చెప్పకయే తెలియుచుండెడిది. నేడు గృహస్థుడు చెప్పుకొనవలసియున్నది. తార్నాకలో ఆ ప్రతినే ముందుగదినుండి తీసి, లోపలి చదువుగదిలో వ్రాతబల్లకు ఎదురుగా తగిలించినచో, దానిని చూచువాడు దానికొఱకే తలయెత్తును. రేఖను వెదకుటకు తీరిక యుండును. బాగులేదన్నచో తీసివేయువారును అక్కడనే యుందురు. ఆ గదియు ఒక్కరిది కాదు గనుక, మేకు కొట్టుటకు ముందు భార్యాభర్తలిద్దరును కూర్చుండి ఆ పండుకొనిన స్త్రీ ఏమి చేయుచున్నదో, నిద్రయో, కలయో, ఎదురుచూపో, మాటలాడుకొనవలెను.